డాబా కారుతుంటే డబ్బా కొనకముందు చూడాల్సినవి

వానలు మొదలైన రెండో వారానికల్లా హైదరాబాద్‌లో వాటర్‌ప్రూఫింగ్ చేసేవాళ్లకు తీరిక దొరకదు. పైకప్పుకు మరక కనపడగానే చాలామంది చేసే మొదటి పని ఇరవై లీటర్ల కోటింగ్ డబ్బా కొని, పెయింటర్‌ను పిలిచి డాబా అంతా రోలర్‌తో పూయించడం. ఆ ఏడాది కారడం ఆగుతుంది. మరుసటి ఏడో, ఆపై ఏడో అదే మూలలో మళ్లీ మరక వస్తుంది. కోటింగ్ నాసిరకమని తిట్టుకుని ఇంకో కంపెనీది కొంటారు. నిజానికి ఎక్కువ ఇళ్లలో తప్పు డబ్బాలో ఉండదు. డాబా మీద నీళ్లు నిలుస్తుంటాయి, పిట్టగోడ మొదట్లో అది స్లాబ్‌తో కలిసే కీలు తెరుచుకుని ఉంటుంది, తూము చుట్టూ సిమెంటు ఊడిపోయి ఉంటుంది. ఈ మూడింటినీ అలాగే వదిలేసి పైన ఏది పూసినా అది తాత్కాలికమే.

నీళ్లు ఎక్కడివి?

ముందు తేల్చుకోవాల్సింది ఇది. మరక వాన పడ్డ కొన్ని గంటలకో మర్నాటికో తడిసి, ఎండ కాశాక వారానికి ఆరిపోతే నీళ్లు పైకప్పు నుంచో బయటి గోడ నుంచో వస్తున్నాయి. వానతో నిమిత్తం లేకుండా ఏడాదంతా ఒకేలా తడిగా ఉంటే మంచినీళ్ల పైపును అనుమానించాలి. పొద్దున స్నానాలయ్యాక పెరిగి రాత్రికి తగ్గితే బాత్రూమ్ నేలో, డ్రెయిన్ పైపో కారణం. పది పదిహేను రోజులు అదే చోటి ఫొటోలు తేదీ, సమయంతో తీసి పెట్టుకుంటే సగం విషయం అక్కడే తేలిపోతుంది.

పైపు సంగతి చూడటం కష్టమేమీ కాదు. రాత్రి పడుకునే ముందు కుళాయిలన్నీ కట్టేసి, ట్యాంకులోకి నీళ్లు రాకుండా చూసి, నీటి మట్టం దగ్గర గీత గీయాలి. ఫ్లష్ ట్యాంకుల కింది వాల్వులు కూడా మూసేయాలి, లేకపోతే అక్కడ కారే నీళ్లు లెక్క తప్పిస్తాయి. తెల్లారేసరికి మట్టం దిగితే లైన్లో ఎక్కడో లీకు ఉన్నట్టే. తర్వాత గీజర్ లైను, వంటగది లైను, ఒక్కో బాత్రూమ్ లైను వాల్వు విడివిడిగా కట్టి చూసుకుంటూ పోతే ఏ గోడో తెలుస్తుంది. టైల్స్ పగలగొట్టేది ఆ తర్వాతే. అనుమానమున్న లైనుకు ప్లంబర్ చేతి పంపు బిగించి, వాడుక ఒత్తిడికి ఒకటిన్నర రెట్లు పెట్టి రెండు గంటలు ఉంచితే గేజు ముల్లు కదలకూడదు.

డ్రెయిన్ మీద అనుమానముంటే నహానీ ట్రాప్‌లో (బాత్రూమ్ నేల మీద నీళ్లు పోయే జాలీ కింది గిన్నె) రంగునీళ్లు పోసి చూడటం మామూలే. అయితే రంగు కింద కనపడలేదంటే డ్రెయిన్ బాగున్నట్టు కాదు. పైపు జాయింటు విడిపోయి కారుతుంటే రంగు దిగుతుంది. కాంక్రీటులోంచి ఊరుతూ వచ్చే నీళ్లలో రంగు దారిలోనే ఆగిపోతుంది. రంగు వస్తేనే సాక్ష్యం, రాకపోతే ఏమీ తేలనట్టే.

ఇంకో మాట. కింద మరక ఉన్నచోటే పైన చిల్లు ఉంటుందనుకోకూడదు. స్లాబ్‌లోకి దిగిన నీళ్లు కరెంటు పైపుల వెంట నడిచి ఫ్యాన్ బాక్సు దగ్గరో, లైట్ పాయింటు దగ్గరో చుక్కలుగా పడతాయి. అలా కనపడితే ముందు మెయిన్ బోర్డులో ఆ లైను స్విచ్ (ఎంసీబీ) దించేసి ఎలక్ట్రీషియన్‌ను పిలవాలి, మిగతా పని తర్వాత.

డాబా మీద నీళ్లు నిలిచే చోట్లు

పెద్ద వాన వెలిసిన మర్నాడు డాబా ఎక్కి, ఇంకా నీళ్లు నిలిచి ఉన్న మడుగుల చుట్టూ సుద్దముక్కతో గీతలు గీయాలి. ఒక రోజంతా గడిచినా ఆరని మడుగు ఉందంటే అక్కడ వాటం లేదు. డాబాకు కనీసం వందకు ఒకటి వాటం కావాలి. అంటే పది అడుగుల పొడవుకు ఇంచుంపావు దిగాలి. మేస్త్రీలు కంటి అంచనాతో వాటం తీస్తామంటారు. లెవెల్ పైపులో నీళ్లు నింపి, నాలుగు మూలలా, నట్టనడుమ, ప్రతి తూము దగ్గరా మట్టం చూసి గోడమీద గుర్తు పెట్టించడం ఒక పూట పని. ఆ పూట ఆదా చేద్దామనుకున్నవాళ్లు తర్వాత ఏళ్ల తరబడి కోటింగుల మీద ఖర్చు పెడుతుంటారు.

తూముల లెక్క ఇంకా తక్కువమంది చూస్తారు. గంటకు 100 మిల్లీమీటర్ల వేగంతో వాన పడితే ఒక చదరపు మీటరు మీద గంటలో 100 లీటర్లు పడతాయి. 1200 చదరపు అడుగుల డాబా, అంటే దాదాపు 111 చదరపు మీటర్లు, గంటకు 11 వేల లీటర్లు దింపాలి. నాలుగంగుళాల నిలువు పైపు ఆ వేగానికి సుమారు 40 చదరపు మీటర్ల నీళ్లే లాగుతుంది. కాబట్టి ఇంత డాబాకు అలాంటివి మూడు కావాలి. 200 గజాల ఇళ్లలో మూడంగుళాల పైపులు రెండు పెట్టి సరిపెట్టేస్తుంటారు. మూడంగుళాల పైపు లాగేది అందులో సగమే. దానికి తోడు వేపాకులు, పావురాల ఈకలు అడ్డం పడ్డాయంటే డాబా చెరువే. 2000 ఆగస్టులో, 2020 అక్టోబరులో ఈ నగరం మీద ఒక్క రోజులో పడ్డ వానలు గుర్తున్నవాళ్లు గంటకు 100 మిల్లీమీటర్లన్న లెక్కను అతిగా అనుకోరు. ప్రతి తూముకూ గుండ్రంగా పైకి లేచిన జాలీ పెట్టాలి. నేలకు సమంగా ఉండే చదును జాలీ ఒక్క ఆకుతో మూసుకుపోతుంది. పైపుల కింది కొసలు ఇంకుడు గుంతకు కలపడం మంచిదే, గుంత మాత్రం ఇంటి గోడకు పదడుగుల దూరంలో ఉండాలి. గోడ పక్కనే తవ్వితే పైన ఆపిన చెమ్మ కింద పునాది దగ్గర మొదలవుతుంది.

కీళ్లే అసలు దారులు

మే నెల మధ్యాహ్నం ఎండలో డాబా పైభాగం 60 డిగ్రీల దాకా కాగుతుంది. డిసెంబరు తెల్లవారుజామున 15 డిగ్రీలకు చల్లబడుతుంది. కాంక్రీటు డిగ్రీకి మీటరుకు సుమారు వందో వంతు మిల్లీమీటరు సాగుతుంది. ముప్పై అడుగుల స్లాబ్ పైపొర ఈ తేడాకు నాలుగు మిల్లీమీటర్ల మేర సాగి ముడుచుకుంటుంది. దాని అంచున నిలబడ్డ ఇటుక పిట్టగోడ అదే లెక్కన కదలదు. అందుకే స్లాబ్, పిట్టగోడ కలిసేచోట సన్నటి బీట తప్పకుండా పడుతుంది, వాన నీళ్లు దిగేదీ ఎక్కువగా అక్కడే. పై అంతస్తు గదుల్లో మరకలు గది నడుమ కన్నా గోడ పైఅంచున ఎక్కువగా కనపడటానికి కారణం ఇదే.

దీన్ని మూసే పద్ధతి ఇది. బీట వెంట పది మిల్లీమీటర్ల వెడల్పు, అంతే లోతున కట్టర్‌తో గాడి కొట్టాలి. బ్రష్‌తో, తర్వాత బ్లోయర్‌తో దుమ్ము పూర్తిగా ఊదేయాలి. గాడిలో సాగే గుణమున్న పాలీయురేథేన్ సీలెంట్ నింపాలి. అక్కడ ఉత్త సిమెంటు పాలు పోస్తే మరుసటి వేసవికి మళ్లీ విచ్చుకుంటుంది. దాని మీద రెండు మూడు అంగుళాల వాలుతో గోలా కట్టాలి, సిమెంటు ఇసుకలో ఎస్‌బీఆర్ లేటెక్స్ (పట్టు పెంచే రబ్బరు ద్రవం) కలిపి. నేలకూ గోడకూ మధ్య లంబకోణం పోయి గుండ్రటి వాలు వస్తుంది కనుక పైన వేసే పొర మూలలో తెగదు. గోలా మీదుగా ఫైబర్ మెష్ పరిచి, కోటింగ్‌ను పిట్టగోడ మీదికి అడుగు ఎత్తు దాకా తీసుకెళ్లాలి. పిట్టగోడ పైభాగం కూడా డాబా వైపు వాలుగా ఉండాలి. అది బయటి వైపు వాలితే నీళ్లు ఎలివేషన్ గోడ మీదుగా జారి, ప్లాస్టర్ బీటల్లోంచి లోపలికి వస్తాయి. సన్‌షేడ్ల అంచు కింద నీటి చుక్క తెగేలా సన్నటి గాడి ఉందో లేదో కూడా అప్పుడే చూసుకోవాలి.

కీళ్లు డాబా అంచునే కాదు, మనం కొత్తగా పెట్టేవి కూడా ఉంటాయి. రేకుల షెడ్డు కాళ్లకు కొట్టిన బోల్టులు, డిష్ స్టాండు, బట్టల దండెం గుంజ, ఇప్పుడు సోలార్ ప్యానెళ్ల కాళ్లు. 2024లో పీఎం సూర్యఘర్ సోలార్ సబ్సిడీ పథకం మొదలయ్యాక డాబాల మీద ప్యానెళ్లు బాగా పెరిగాయి. బిగించేవాళ్లు డ్రిల్లు వేసి బోల్టు దించి వెళ్లిపోతారు, ఆ చిల్లు ఎవరి బాధ్యతా కాకుండా పోతుంది. స్టాండు కాళ్లను స్లాబ్‌కు కొట్టకుండా బరువైన కాంక్రీటు దిమ్మెల మీద నిలబెట్టమని అడగొచ్చు. అందుకు దిమ్మెల బరువును స్లాబ్ మోయగలదో, గాలికి ప్యానెళ్లు లేవకుండా ఆ బరువు సరిపోతుందో లెక్క కట్టించాలి. కొట్టక తప్పకపోతే రంధ్రంలో కెమికల్ యాంకర్ (బోల్టును పట్టి ఉంచే జిగురు) వాడి, కాలు చుట్టూ గోలా కట్టి సీలెంట్ పెట్టించాలి.

కోటింగ్ ఎందుకు లేస్తుంది

పూసినదంతా పొక్కులు లేచి పొరలుగా ఊడిపోతే కారణాలు మూడు: కింద దుమ్ము, కింద తడి, చాలని మందం. దుమ్ము సంగతి అరచేత్తో రాస్తే తెలుస్తుంది. చేయి తెల్లబడితే ఇంకా కడగాలి. పాత కోటింగ్ లేచిన చోటల్లా గీకెయ్యాలి, గట్టిగా పట్టుకున్నచోట వదలొచ్చు. తడి చూడటానికి సులువైన పద్ధతి ఉంది. ఒకటిన్నర అడుగుల చదరపు పాలిథిన్ షీటును డాబా మీద పరిచి, నాలుగంచులూ గాలి దూరకుండా టేపు అంటించి, ఒక రాత్రంతా వదిలేయాలి. పొద్దున తీసి చూస్తే షీటు లోపలి వైపు నీటి బిందువులున్నా, కింద కాంక్రీటు రంగు ముదిరినా స్లాబ్ ఇంకా ఆరలేదు. రెండు మూడు చోట్ల చూడాలి, ముఖ్యంగా మడుగులు కట్టిన చోట.

మందం విషయంలో మోసం ఎక్కువగా డబ్బాల లెక్కలోనే జరుగుతుంది. రెండు పూతలకు కలిపి చదరపు మీటరుకు ఒక కిలో అని డబ్బా మీద ఉందనుకుందాం. 111 చదరపు మీటర్లకు 111 కిలోలు, అంటే ఇరవై కిలోల డబ్బాలు ఆరు పడతాయి. కాంట్రాక్టర్ రెండు డబ్బాలు తెచ్చి నీళ్లు కలిపి డాబా అంతా తెల్లగా చేసేస్తే చూడటానికి పని అయినట్టే ఉంటుంది. అందుకే ఖాళీ డబ్బాలు లెక్కపెట్టి తీసుకున్నాకే డబ్బులివ్వాలి. మొదటి కోటు నిలువుగా, రెండోది అడ్డంగా వేయించాలి. రెండు కోట్లకు వేర్వేరు రంగులు అడిగితే ఎక్కడ వదిలేశారో కంటికే తెలుస్తుంది.

ఏ రకం వాడాలన్నది డాబా వాడకాన్ని బట్టి. యాక్రిలిక్ కోటింగ్ చవక, వేయడం సులువు, అయితే నీళ్లు నిలిచేచోట మెత్తబడుతుంది, మూడు నాలుగేళ్లకు మళ్లీ వేయాలి. పాలీయురేథేన్ ఎక్కువ సాగుతుంది, ఖర్చూ ఎక్కువే. పొడి, ద్రవం కలిపి వాడే సిమెంటు పాలిమర్ కోటింగ్ పైన ప్లాస్టరో టైల్సో వచ్చేచోట మేలు, ఎండకు వదిలేయడానికి అంత బాగుండదు. మంటతో అతికించే తారు షీటు బాగా వేస్తే చాలాకాలం ఉంటుంది కానీ అతుకుల దగ్గర నాలుగంగుళాలు ఒకదాని మీదొకటి రావాలి, చేయి తిరిగినవాళ్లే వేయాలి. చల్లదనానికి వేసే తెల్ల సున్నాన్ని, కూల్ రూఫ్ పెయింటును వాటర్‌ప్రూఫింగ్ అనుకోవద్దు. 2023లో తెలంగాణ కూల్ రూఫ్ విధానం తెచ్చాక వీటి ప్రచారం పెరిగింది. వేడి తగ్గితే స్లాబ్ కదలిక కూడా తగ్గుతుంది గనుక అవి మంచివే, నీళ్లను ఆపే పని మాత్రం వాటిది కాదు.

కోబా మీద కోబా

పాత ఇళ్లలో కోబా, అంటే వాటం కోసం స్లాబ్ మీద ఇటుక ముక్కలతో వేసిన పొర, నాలుగైదు అంగుళాలు ఉంటుంది. కారుతోందని దాని మీదే ఇంకో కోబా వేసేవాళ్లు ఉన్నారు. ఇది ప్రమాదం. నాలుగున్నర అంగుళాల కోబా చదరపు మీటరుకు 200 కిలోలు దాటుతుంది. మనుషులు తిరిగే డాబాకు మన కోడ్ ఐఎస్ 875 ప్రకారం లెక్కలో తీసుకునే అదనపు భారం చదరపు మీటరుకు సుమారు 150 కిలోలే. రెండో కోబా ఒక్కటే ఆ మొత్తాన్ని మింగేస్తుంది. పాతది పూర్తిగా తీయించి, స్లాబ్ పైభాగం కళ్లారా చూసి, బీటలు మూసి, కోటింగ్ వేసి, నీళ్లు నిలబెట్టి పరీక్షించి, ఆపై కొత్త వాటం వేయించడమే సరైన వరస. పాత కోబాను సుత్తితో తట్టుకుంటూ పోతే కింద పట్టు వదిలినచోట బోలుగా మోగుతుంది. డాబాలో చాలాభాగం బోలుగా ఉంటే కోటింగ్ ఖర్చు దండగ.

మిద్దె తోటలకూ ఇదే లెక్క. తడిసిన మట్టి అడుగు మందాన చదరపు మీటరుకు 500 కిలోలకు పైనే. మడులు కట్టి మట్టి నింపాలంటే ముందు స్ట్రక్చరల్ ఇంజినీర్‌కు చూపించాలి. తొట్లయితే బీముల మీదుగా, గోడల వెంట, నేలకు రెండంగుళాల ఎత్తున స్టాండ్ల మీద పెట్టాలి. కింద గాలి ఆడకపోతే తొట్టి అడుగున తడి ఏడాదంతా ఉండిపోతుంది.

బాత్రూమ్

టైల్స్ మధ్య గ్రౌట్ నింపితే కారడం ఆగుతుందనే నమ్మకం బాగా పాతుకుపోయింది. గ్రౌట్ నీటి వేగం తగ్గిస్తుంది, అంతే. ఎపాక్సీ గ్రౌట్ వేస్తే కొంతకాలం ఆగినట్టు అనిపిస్తుంది. టైల్స్ కింద సంకన్‌లో, అంటే పైపుల కోసం స్లాబ్‌ను దించి కట్టిన గుంతలో, అప్పటికే నిలిచిన నీళ్లు మాత్రం పోయే దారి లేక పక్క గది గోడ ఎక్కుతాయి. పడకగది గోడకు స్కర్టింగ్ పైన పెయింటు పొంగి చవుడు పట్టిందంటే చాలాసార్లు కారణం ఆ గోడ అవతలి బాత్రూమ్ సంకన్.

మరమ్మతు అంటే టైల్స్, నింపుడు అంతా తీసి స్లాబ్ దాకా వెళ్లడమే. పైపులు స్లాబ్‌లోంచి, గోడలోంచి బయటికి వెళ్లే చోట్లే ఎక్కువ లీకులు. పైపు చుట్టూ వదులుగా ఉన్న సిమెంటు తీసేసి, కుంచించుకుపోని గ్రౌట్ పోయాలి. అన్ని మూలలా గోలా, రెండు పూతల కోటింగ్, గోడ మీదికి అడుగు ఎత్తు, షవర్ వైపు ఆరడుగులు. అప్పుడు నహానీ ట్రాప్ మూసి రెండంగుళాల నీళ్లు నిలబెట్టి కనీసం 48 గంటలు ఉంచాలి. మట్టం దిగితే లీకో ఆవిరో తెలియాలంటే అదే గదిలో ఒక బకెట్‌లో నీళ్లు పోసి దానికీ గీత పెట్టాలి. రెండు చోట్లా సమానంగా దిగితే ఆవిరే. డాబా మీద నీళ్లు నిలబెట్టినప్పుడైతే బకెట్ లేకుండా ఏమీ చెప్పలేం, మే ఎండలో రోజుకు సెంటీమీటరు దాకా ఆవిరైపోవచ్చు.

సంకన్‌ను ఇల్లు కట్టినప్పటి చెత్తతో నింపడం మానాలి. తేలికైన బ్లాకుల ముక్కలు వాడితే బరువు తగ్గుతుంది. సంకన్ అడుగున చిన్న పైపు ఒకటి షాఫ్ట్‌లోకి వదిలితే ఎప్పుడైనా నీళ్లు దిగినా బయటికి పోతాయి, లీకు మొదలైందన్న కబురూ ముందే అందుతుంది. టైల్స్ వేసేటప్పుడు నేలకు ఐదడుగులకు ఇంచు వాటం ఉండాలి.

పెచ్చులు ఊడుతుంటే

పైకప్పు నుంచి పెచ్చులు రాలి చువ్వ కనపడిందంటే అది పెయింటుతో, పుట్టీతో పోయేది కాదు. తుప్పు పట్టిన ఇనుము రెండు రెట్లకు మించి ఉబ్బి కాంక్రీటును తోసేస్తుంది. వదులైన కాంక్రీటును చువ్వ వెనక భాగం కూడా కనపడేదాకా చెక్కాలి. తుప్పును తీగ బ్రష్‌తో తెల్లటి ఇనుము తేలేలా రుద్ది, తుప్పు నిరోధక ప్రైమర్ పూసి, పాలిమర్ కలిపిన మోర్టార్‌ను పలచటి పొరలుగా ఎక్కించాలి. చువ్వ మందం పావువంతుకు మించి పోతే ఇంజినీర్ చూడకుండా ముట్టుకోవద్దు. ఇలాంటి పైకప్పు కింద పీవోపీ ఫాల్స్ సీలింగ్ కట్టించడం కన్నా పెద్ద తప్పు ఉండదు. రోగం కనపడకుండా పెరుగుతుంది.

కొత్తగా స్లాబ్ వేసేవాళ్లు ఈ అవస్థను చాలావరకు అప్పుడే తప్పించుకోవచ్చు. చువ్వల కింద 20 మిల్లీమీటర్ల ఎడం ఉంచే కవర్ బ్లాకులు పెట్టించాలి, రాయి ముక్కలు కాదు. కాంక్రీటు పనుల కోడ్ ఐఎస్ 456 ప్రకారం ఎండలు మండే వాతావరణంలో క్యూరింగ్ (కాంక్రీటును తడిగా ఉంచడం) పది రోజులకు తగ్గకూడదు, ఫ్లై యాష్ కలిపిన పీపీసీ సిమెంటుకైతే 14 రోజులు మేలు. మడులు కట్టి నీళ్లు నిలపాలి. రోజుకు రెండుసార్లు పైపుతో తడిపి వెళ్లిపోతే మధ్యాహ్నానికి స్లాబ్ ఎండిపోతుంది.

ఎప్పుడు, ఏ ఒప్పందంతో

లీకులు కనిపెట్టడానికి వానాకాలం, మరమ్మతుకు డిసెంబరు నుంచి మార్చి దాకా. అప్పటికి స్లాబ్ ఆరి ఉంటుంది, పైపొర మరీ కాగి ఉండదు. ఏప్రిల్, మే తప్పకపోతే కోటింగ్ పొద్దున తొమ్మిదిలోపే వేయించాలి. జూన్‌లో మబ్బు చూసి ఆదరాబాదరా వేసేది ఎక్కువకాలం నిలవదు.

కాంట్రాక్టర్‌తో కాగితం మీద రాసుకోవాల్సినవి కొన్నే: ఏ మెటీరియల్, చదరపు మీటరుకు ఎన్ని కిలోలు, ఎన్ని పూతలు, గోడమీదికి ఎంత ఎత్తు, నీళ్లు ఎన్ని గంటలు నిలబెట్టి చూపిస్తారు. పదేళ్ల గ్యారంటీ అని రాసిచ్చే కాగితం కన్నా చివరి పావువంతు డబ్బు పరీక్ష అయ్యాకే ఇస్తామన్న షరతు ఎక్కువ పనిచేస్తుంది.

అపార్ట్‌మెంట్‌లో డాబా అందరిదీ కనుక పై అంతస్తువాళ్ల మీద ఖర్చు తోసేయడం న్యాయం కాదు, అసోసియేషన్ భరించాలి. రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) వర్తించే ప్రాజెక్టుల్లో ఫ్లాటు అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణ లోపాలు, పనితనపు లోపాలు బయటపడితే, చెప్పిన 30 రోజుల్లో బిల్డర్ తన ఖర్చుతోనే సరిచేయాలని 2016 చట్టంలోని 14వ సెక్షన్ చెబుతోంది. ఫోన్లో చెప్పి ఊరుకోకుండా ఫొటోలతో రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి. ఈలోగా సొంతంగా కోటింగ్ వేయించేస్తే లోపం ఎక్కడుందో చూపించడం కష్టమవుతుంది.